ముందు ఎర్తు, తరవాతే కారు

అమ్మడూ,

కారు బుక్ చేశావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తెల్ల రంగట, సీటు కవర్లు కూడా ఎంచేశావట. సంతోషం. రోజూ రాజోలు దీవి నుంచి బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం కాలేజీకి వెళ్లొచ్చేదానివి, నీకు ఆ బండే సరైనది. మరి ఇంట్లో కరెంటు సంగతేంటని అడిగితే, "షోరూము వాళ్లే వచ్చి బిగిస్తారట అన్నయ్యా" అంది. ఆ ఒక్క మాటకే ఇది రాస్తున్నాను.

షోరూము వాళ్లు బిగించేది గోడ మీద ఒక డబ్బా. దానికి కొంత పొడవు వరకు తీగ ఇస్తారు, ఆ పైన మీటరుకింత అని తీసుకుంటారు. ఆ డబ్బాకి వెనకాల, వీధి స్తంభం నుంచి మీ వసారా గోడ దాకా ఉన్నదాంతో వాళ్లకి సంబంధం లేదు. మెయిన్ మీది, ఎర్తు మీది. ఎలా ఉందో చూసుకోవాల్సింది మీరే. అల్లుడుగారు కువైట్‌లో ఉన్నారు, మీ అత్తగారికి ఈ గోల తెలీదు, కాబట్టి చూడాల్సింది నువ్వే. వైరింగు చేసి బతికినవాణ్ణి కాబట్టి ఏది చూడాలో నేను చెబుతాను.

మన ఇళ్లలో పెద్ద లోడంటే ఏముంది? గీజరు పావుగంట, మిక్సీ రెండు నిమిషాలు, మోటారు ట్యాంకు నిండేదాకా. అరిగిన సాకెట్టయినా, వదులైన స్క్రూ అయినా ఆ కాసేపటికి తట్టుకుంటుంది, వేడెక్కేలోపే స్విచ్ ఆపేస్తాం. కారు అలా కాదు. మామూలు పదిహేను ఆంపియర్ల ప్లగ్గులో పెట్టినా మూడు కిలోవాట్లకి పైన లాగుతుంది. గంటల తరబడి, విడుపు లేకుండా. అదీ ఇంటిల్లిపాదీ నిద్రపోయే వేళ. అందుకే ఏళ్ల తరబడి ఏ గొడవా చేయని పాయింటు, కారు వచ్చిన నెలలో కాలుతుంది. కాలిన సాకెట్టు చూశావా ఎప్పుడైనా? పై రంధ్రానికేం కాదు, కింది రెండింటిలో ఒకదాని చుట్టూ టీ మరకలాంటి గోధుమరంగు వలయం పడుతుంది. ప్లగ్గు లాగితే ఇత్తడి పిన్ను నల్లగా వస్తుంది, చేపకంపులాంటి వాసన వేస్తుంది. అది కనపడ్డాక కూడా "పని చేస్తోంది కదా" అని అందులోనే పెట్టేవాళ్లని చాలామందిని చూశాను.

మొదట బిల్లు తీసి చూడు. అందులో కాంట్రాక్టెడ్ లోడు అని ఉంటుంది. మీ మావగారి హయాంలో తీసుకున్న సర్వీసు, ఒకటో రెండో కిలోవాట్లు ఉంటుందని నా అనుమానం. అప్పుడు ఇంట్లో నాలుగు ఫ్యాన్లూ ఒక టీవీ. ఇప్పుడు ఏసీ ఉంది, ఫ్రిజ్ ఉంది, బోరు మోటారు ఉంది, వీటి మీద కారు. లోడు పెంచమని ఈపీడీసీఎల్‌కి అర్జీ పెట్టాలి. అక్కడే అసలు చిక్కు వస్తుంది: సర్వీసు ఇంకా మావగారి పేరునే ఉంది కదూ? ఆయన పోయి ఇన్నేళ్లయినా మార్పించలేదు. ముందు పేరు మార్పు, ఆ తరవాత లోడు. మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, అత్తగారి ఆధార్ ఒక ఫైల్లో పెట్టుకో. ఇదంతా కారు వచ్చాక మొదలెడితే, బండి వసారాలో ఉంటుంది, నువ్వు ఆఫీసు చుట్టూ తిరుగుతుంటావు. పెద్ద లోడు అడిగితే త్రీఫేజు తీసుకోమంటారు. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకో: ఇప్పుడున్న మీటర్లు నెలలో నువ్వు ఒకేసారి లాగిన గరిష్ఠ లోడు రాసి పెట్టుకుంటాయి. తీసుకున్నదానికన్నా ఎక్కువ లాగితే కాగితం ఇంటికే వస్తుంది.

పాత మెయిన్ బోర్డు సంగతి కూడా చూడాలి. పింగాణీ ఫ్యూజు క్యారియర్లు ఇంకా ఉన్నాయా? ఉంటే, అందులో సన్న ఫ్యూజు తీగ బదులు ఎవరో మడత పెట్టి దూర్చిన లావు రాగి పోగులు ఉంటాయి, పందెం కాస్తాను. ఫ్యూజు పోతోందని తీగ లావు చేస్తే పోయేది ఫ్యూజు కాదు, ఇల్లు. ఆ బోర్డు తీయించెయ్. మండువా వైపు చెక్కబద్దీల మీద పోయిన పాత తీగల్లో కారు కరెంటు ఒక్క అడుగు కూడా నడవకూడదు. మీటరు దగ్గర్నుంచి కారు దగ్గరికి విడిగా, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా ఒకే తీగ లాగించు.

ఇప్పుడు ఎంత పెద్ద చార్జరు? షోరూములో ఏడు కిలోవాట్లది చూపించి మురిపిస్తారు. లెక్క వేద్దాం. నువ్వు రోజుకి రానూపోనూ అరవై కిలోమీటర్లు. ఇలాంటి కార్లు యూనిట్‌కి ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు ఇస్తాయి, ఏడు అనుకో. ఎనిమిదిన్నర యూనిట్లు, చార్జింగులో పోయే నష్టంతో కలిపి దాదాపు పది. మూడు కిలోవాట్ల ప్లగ్గులో మూడు గంటల పైచిలుకు పని. రాత్రి పదకొండుకి మొదలైతే రెండున్నరకల్లా అయిపోతుంది. ఏడు కిలోవాట్లు ఎందుకు? మధ్యాహ్నం వైజాగ్ నుంచి వచ్చి సాయంత్రం మళ్లీ హైదరాబాద్ బయల్దేరేవాళ్లకి కావాలి అది. పైగా కొబ్బరితోటల మధ్య లైను చివర ఉన్న ఇల్లు మీది, చుట్టూ చెరువుల ఏరేటర్లు. సాయంత్రం వోల్టేజీ ఎలా ఉంటుందో నీకే తెలుసు. ఆ పెద్ద చార్జరు ముప్ఫై రెండు ఆంపియర్లు లాగితే మీ ఫ్యాన్లతోపాటు పక్కింటి ఫ్యాన్లు కూడా నెమ్మదిస్తాయి.

అయితే తీగ మాత్రం పెద్దదే వేయించు. ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. ఇప్పుడు పదహారు ఆంపియర్లకి వాడుకో, రేపు రాజమండ్రి, కాకినాడ తిరగాల్సొచ్చి పెద్ద చార్జరు కావాలంటే గోడలు మళ్లీ పగలగొట్టనక్కర్లేదు. కారుతో పెద్ద డబ్బా ఎలాగూ ఇస్తామంటే తీసుకో, అందులో ఆంపియర్లు తగ్గించే వీలుంటే పదహారుకి దింపి పెట్టమను. సాకెట్టు పెట్టుకునే పక్షంలో మంచాల పక్కన ఉండే తెల్ల ప్లాస్టిక్‌ది వద్దు. పరిశ్రమల్లో వాడే నీలం రంగు గుండ్రటి సాకెట్టు, మూతది దొరుకుతుంది. ప్లగ్గు అందులో గట్టిగా కూర్చుంటుంది. కారు తెచ్చే తీగకి దాని ప్లగ్గు పట్టకపోతే మంచి కంపెనీ మెటల్ బాక్సు సాకెట్టైనా పెట్టించు, అడాప్టర్లు మాత్రం వద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డు అనే మాట ఆ ఇంట్లో వినపడకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎర్తు.

కారు నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. దాని ఇనుప ఒంటికి నేలతో సంబంధం లేదు. లోపల ఎక్కడైనా కరెంటు లీకై బాడీకి తగిలితే, అది నేలలోకి పోవడానికి ఉన్న దారల్లా ఆ మూడో పిన్ను ఒక్కటే. అది లేకపోతే దారి నువ్వవుతావు. వానాకాలం తెల్లారగట్ల, చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకుంటావు చూడు, అప్పుడు. అందుకే చార్జరు మొదట చూసేది ఎర్తునే. అది బాగోకపోతే ఎర్రలైటు వెలిగించి మొండికేస్తుంది. పాత ఇళ్లలో ఇది ఖాయం, ఎందుకంటే సాకెట్టుకి మూడు రంధ్రాలున్నా లోపలికి వచ్చే తీగలు రెండే.

అక్కడే కొందరు పనివాళ్లు ఒక తెలివితక్కువ తెలివి చూపిస్తారు. సాకెట్టులో న్యూట్రల్‌నీ ఎర్తునీ చిన్న తీగతో కలిపేస్తారు. చార్జరు మోసపోతుంది, పచ్చలైటు వెలుగుతుంది, అతను డబ్బులు పుచ్చుకుని వెళ్తాడు. మన వైపు గాలివానకి కొబ్బరికమ్మ పడి న్యూట్రల్ తెగడం ఎంత మామూలో నీకు చెప్పాలా? తెగిన ఆ నిమిషంలో కారు ఒళ్లంతా కరెంటు. ఎవరైనా "చిన్న లింకు పెడితే సరిపోద్దండీ" అంటే కాఫీ ఇచ్చి పంపెయ్. ఆ మనిషి చేత ఇంకే పనీ చేయించకు.

మరో అలవాటు కూడా ఉంది. ఫేజుకీ ఎర్తుకీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి, అది వెలిగితే "ఎర్తు బ్రహ్మాండం" అనడం. బల్బుకి కావలసింది అర ఆంపియరు కూడా కాదు. యాభై ఓముల పనికిరాని ఎర్తు మీద కూడా అది దర్జాగా వెలుగుతుంది. ఎర్తు టెస్టరుతో కొలిపించాలి, ఐదు ఓములకి లోపు రావాలి.

ఈ విషయంలో కోనసీమ నేల మనకి మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. గునపం దింపితే నీరూరే ఒండ్రునేల, ఎండాకాలంలోనూ తేమ ఆరదు, రాయలసీమలోలా గోతిలో బిందెలతో నీళ్లు పోసుకునే అవస్థ లేదు. కానీ సముద్రం దగ్గర. అంతర్వేది, ఓడలరేవు వైపు నేలలో, గాలిలో ఉప్పు. దానికితోడు మనవాళ్లు గోతిలో బొగ్గుతోపాటు బస్తా ఉప్పు పోస్తారు. ఆ ఉప్పే జీఐ పైపుని తినేస్తుంది. పైన మూత అందంగా ఉంటుంది, అడుగున పైపు తుప్పుపట్టి పిండవుతుంది. నీకు నేను చెప్పేది, రాగిపూత ఉన్న కడ్డీ తీసుకో, చుట్టూ షాపువాళ్లు కెమికల్ ఎర్తింగు అని అమ్మే పొడి వేయించు. చార్జరుకి ఈ ఎర్తు విడిగా ఉండాలి. గొయ్యి మూత తీసి స్క్రూ చూసుకునేలా ఉండాలి. గచ్చు వేసి కప్పెట్టేస్తానంటే ఒప్పుకోకు. ఏడాదికోసారి, దసరా ఆయుధపూజ నాడు కారుకి బొట్టు పెడతావు కదా, ఆ వారంలోనే ఎర్తు కొలిపించేసెయ్.

బోర్డులో ఏం పెట్టాలో కాగితం మీద రాసి ఇస్తాను, నువ్వు దాన్ని షాపులో చూపిస్తే చాలు. ముఖ్యమైనది, లీకైన కరెంటుని పసిగట్టి ఆపేసే ఆర్‌సీబీఓ, ముప్ఫై మిల్లీ ఆంపియర్లది. అందులో ‘ఏసీ’ టైపు అనీ ‘ఏ’ టైపు అనీ ఉంటాయి. కారుకి కావలసింది ‘ఏ’ టైపు, మామూలుగా షాపులో చేతికిచ్చేది ఏసీ టైపు, అడిగి తీసుకో. దాంతోపాటు పిడుగు వేళ వచ్చే ఉప్పెన కరెంటుని ఆపే సర్జ్ ప్రొటెక్టరు, వోల్టేజీ పైకి పోయినా కిందికి దిగినా కట్ చేసే రక్షణ. ఒకసారి న్యూట్రల్ పోయి వీధి వీధంతా టీవీలు కాలిపోవడం నీ చిన్నప్పుడు చూశావు. ఏసీ కోసం కొన్న స్టెబిలైజరుకి గానీ, ఇన్వర్టరు లైనుకి గానీ కారు తగిలించొద్దు. అవి ఆ పనికి చేసినవి కావు.

చార్జరు ఎక్కడ పెట్టాలి అన్నది ఇంజనీరు కన్నా మీ అత్తగారు బాగా చెబుతారు. షోరూము కుర్రాడు ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసి, తీగ తక్కువ పడుతుందని మీటరు కిందే పెట్టేద్దామంటాడు. ఆ గోడకే కదూ మీ అత్తగారు కల్లాపి చల్లేది? అక్కడ వద్దు. కొబ్బరిచెట్టు కింద అసలే వద్దు. కాయ పడితే కారు పైకప్పు సొట్టపోవడం ఒక ఎత్తు, కమ్మ పడి తీగ తెగితే ఒక ఎత్తు. షెడ్డు వేసినా రేకు మీద కాయ పడే దూరంలో వెయ్యకు. ఇక తోటలున్న చోట ఎలుకలూ ఉంటాయి. బయటికి కనపడే తీగనంతా గట్టి పైపులో పోనిచ్చి, బోర్డులోకి వెళ్లే చోట గ్లాండు బిగించి ఖాళీ లేకుండా మూయించు. లేదంటే మొదటి వానకే బల్లి లోపల దూరి బోర్డుకి అడ్డంగా పడి చస్తుంది. నవ్వుతావేమో, నేను తెరిచిన కాలిన బోర్డుల్లో సగం బల్లుల పుణ్యమే.

ఇక చార్జరు ఎత్తు సంగతి. మీ ఇంటి అరుగు ఎందుకంత ఎత్తు కట్టారో తాతల్ని అడగాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కులు పోయింది. 2022 జులైలో పాతిక లక్షలు దాటింది. మీది లంక ఊరు కాదు, ఏటిగట్టుకి ఇవతలే ఉన్నారు. అయినా పాతకాలపు నీటిమరక ఏ గోడ మీద ఎంతవరకు ఉందో మీ అత్తగారికి గుర్తుంటుంది. దానికి మూడడుగులు పైన పెట్టించు. చార్జరు ఎక్కడున్నా దాన్ని పూర్తిగా ఆపే స్విచ్ మాత్రం ఇంటి లోపల, అరుగు మీద ఉండాలి, నీళ్లలో దిగి ఆపాల్సిన అవసరం రాకూడదు. ధవళేశ్వరంలో పది లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, పదమూడుకి రెండోది, పదిహేడుకి మూడోది. మొదటిది వినగానే కారు నిండా చార్జి చేసుకో. రెండోది వినగానే స్విచ్ ఆపేసి బండిని మీ చిన్నాన్నగారి ఇంటికి, మెరక మీదికి తీసుకెళ్లిపో. మూడోదాకా ఆగకు. కారు బ్యాటరీ నీళ్లు చొరకుండా మూసి ఉంటుంది, అది పెద్ద భయం కాదు. తడిసిన సాకెట్టే భయం. నీళ్లు తగిలిన పాయింటుని విప్పి, ఆరబెట్టి, కొలిచి చూసేదాకా మళ్లీ వాడొద్దు.

తుఫాను వేళ కూడా ఇంతే. 1996 నవంబరు 6 నాటి తుఫాను నీకు లీలగా గుర్తుంటుంది. తోటలకి తోటలే పడుకున్నాయి, స్తంభాలు వాటి కింద. వారాల తరబడి చీకట్లో ఉన్నాం. అలాంటి వేళ పెట్రోలు బంకు కూడా కరెంటు లేక మూసుకుంటుందనుకో, కానీ క్యానులో ఎవరైనా తెచ్చిపెట్టగలరు. కరెంటుని క్యానులో తేలేం. అందుకని అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో బండి ఎప్పుడూ సగానికి తగ్గకుండా చూసుకో. మామూలు రోజుల్లో ఎనభై శాతం దగ్గర ఆపుకుంటే బ్యాటరీకి మంచిదంటారు, చాలా కార్లలో నిజమే. వాతావరణ శాఖ వాయుగుండం అన్న రోజున మాత్రం ఆ నియమం పక్కన పెట్టి వందకి నింపెయ్.

డబ్బు దగ్గరికి వద్దాం, నీకు అసలు ఇదే ముందు చదవాలని ఉండి ఉంటుంది. నెలకి పదిహేను వందల కిలోమీటర్లు, అంటే సుమారు రెండు వందల నలభై యూనిట్లు. ఇంటి మీటరు మీదే వేసుకుంటే 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం 225 యూనిట్లు దాటాక యూనిట్ 8.75, నాలుగు వందలు దాటాక 9.75 రూపాయలు. విద్యుత్ వాహనాల చార్జింగుకి విడి మీటరు తీసుకుంటే అప్పటి రేటు 6.70. ఇంట్లో నూట యాభై యూనిట్లు వాడే శీతాకాలంలో తేడా మూడు వందల లోపే. మూడు వందలు వాడే మే నెలలో ఆరు వందలు దాటుతుంది. రెండో మీటరుకి డిపాజిట్టు, సర్వీసు వైరు, బోర్డు ఖర్చు ఉంటాయి. నా ఉద్దేశం, వేసవిలో ఏసీ లేకుండా మీ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు కాబట్టి నీకు రెండో మీటరు గిట్టుబాటవుతుంది. అడిగితే ఇవ్వాల్సిందే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం వినియోగదారుల హక్కుల నియమాలు సవరించి కారు చార్జింగుకి విడి కనెక్షన్ కోరే వీలు కల్పించింది, పల్లెల్లో కొత్త కనెక్షన్‌కి గడువు పదిహేను రోజులకి తగ్గించింది. సర్దుబాటు చార్జీలని ఎప్పటికప్పుడు వచ్చే వడ్డింపు దీంట్లో కలపలేదు. అవి ఎలా కలిపినా, లీటరు నూట పది రూపాయల దగ్గర పెట్రోలుకి ఇదే దూరం పది వేలు అవుతుందని మరిచిపోకు.

సోలారు పెట్టిద్దామా అని అడుగుతావు. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల రాయితీ ఉంది, మాట నిజమే. మీ డాబా మీద ఉదయం పది దాకా, మధ్యాహ్నం మూడు తరవాతా కొబ్బరిచెట్ల నీడ. ఒక పలక మీద నీడ పడితే దాంతో వరసగా కలిపిన మిగతావి కూడా తగ్గుతాయి. రెండు చెట్లు కొట్టిస్తే సరిపోతుందని ఎవరో అన్నారట. కాసే చెట్టు కొట్టించి కరెంటు పండించడం నాకు ఒప్పుదల కాదు. ఇంకో ఏడాది చూద్దాం.

ఒక మాట మరిచాను. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మీ ఆడపడుచు వస్తుంది, వాళ్లదీ కరెంటు బండే. ఇంత దూరం వచ్చి దిగగానే "వదినా, మాది కాస్త పెడతావా" అంటుంది. మన వాళ్లకి కాదనడం రాదు. "ఆయ్, దానికేం భాగ్యం" అని వంటింటి కిటికీ లోంచి తీగ లాగేస్తారు. అలా వద్దు. ఇద్దరికీ ఒకే పాయింటు, వంతులవారీగా. ఒక రాత్రి ఆవిడది, ఒక రాత్రి నీది. ప్రభల తీర్థానికి జగ్గన్నతోట వెళ్లడానికి ఒక బండి చాలు.

పని మొదలెట్టే రోజు ముందుగా చెప్పు, టెస్టరు పట్టుకుని నేనే వస్తాను. బోర్డు బిగించి పది రోజులయ్యాక స్క్రూలన్నీ మళ్లీ ఒకసారి బిగించాలి, వేడికి కొత్త రాగి కాస్త వదులవుతుంది. చార్జింగు పెట్టిన మొదటి రాత్రి గంట తరవాత లేచి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత ఉంటే వెంటనే ఆపేసి నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. ఈలోపు కరెంటు బిల్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. కాంట్రాక్టెడ్ లోడూ, ఎవరి పేరున ఉందో అదీ కనపడేలా తియ్యి. పోయినసారిలా సగం కోసేసి పంపకు.